మేల్కట్టు

నక్కలగుట్ట షాపుల తలెత్తి చూసిన.
మెట్లు మెట్లుగ తెల్లటి సీలింగు,
మూలమూలకు దాచిపెట్టిన లైట్లు.
చదరపు అడుగుకు ఎనభై అన్నడు పిలగాడు,
చిట్టీ మీద లెక్క గీకిచ్చిండు.
మా అర్ర పది బై పన్నెండు.
తొమ్మిది వేల ఆరు వందలు.
మెడ నొచ్చింది.
తల దించుకొని కొత్తవాడకు నడిచిన.

మాది రేకుల ఇల్లు.
మే నెల పగటీలి
పెనం మీద ఏందో మాడుతున్నదనిపిస్తది,
కొంచెం ఆగితే
మేమే అని తెలుస్తది.

మూలకు ఐదు జంపఖానాలు ఉన్నయి.
సొసైటీ వద్దన్నయి నాలుగు,
ఎప్పటిదో ఫెయిలు మాలు ఒకటి.
ముప్పై ఏండ్ల సంది నేలకే నేసిన.
పెండ్లిళ్ళల్ల, మీటింగులల్ల,
పీనుగు పక్కన కూసున్నోళ్ళ కింద
నా పని పర్సుకొని ఉంటది.
దాని మీద కూసుంటరు గని
దాన్ని ఎవలు చూస్తరు?

"నాయినా, ఇవే పైన కడితే?"
తొమ్మిదో తరగతి రుచిత
రఫ్ నోటుబుక్కుల గీసి చూపెట్టింది:
ఒక్కోటి నాలుగు బై ఆరు,
అడ్డం మూడు, నిలువు రెండు.
ఇంచు మిగలదు, ఇంచు తరగదు.
ఇన్నేండ్లు ఈ ఇంట్ల పన్నగని
ఇల్లు నా కొలతల్నే ఉన్నదని
నాకు తెల్వకపాయె.

పైపు నుంచి పైపుకు జీఐ తీగ లాగిన,
పడుగు పోసినట్టే.
కాకుంటే ఈసారి మగ్గం నెత్తి మీద.
పొద్దంత వంగే నడుముకు
నిక్కుడు కొత్త.
చెమట చెవులల్లకు, దుమ్ము కండ్లల్లకు.
స్టూలు ఒక కాలు కుంటిది,
దాని కింద రుచిత సోషల్ పుస్తకం.
బల్లి ఒకటి జారి భుజం మీద పడ్డది.
"ఏ భుజం? పంచాంగంల చూస్త" అన్నది మా వదినె.
ఫలం తర్వాత చూద్దువు, ముందుగల్ల
ఆ దబ్బనం ఇటియ్యి అన్న.

ఫ్యాను రాడ్డు కాడ పని ఆగింది.
ఒకదానికి బొక్క వెయ్యాలె.
నేసిన చేతికి కత్తెర పట్టబుద్ధి కాదు.
"ఫెయిలుది నడుమ పెడదాం,
ఎట్లా చెడిపోయిందే కదా, దాన్నే కోద్దాం" అన్న.
అనసూర్య నా చేతుల నుంచి కత్తెర గుంజుకున్నది.
ఆరింట్ల మంచిది, నీలి అంచుది తీసి
నడిమిట్ల కర్రున కోసింది.
ఎందుకని అడగలే.
అడిగే మొఖం కాదు అప్పుడు ఆమెది.

పొద్దుగూకినంక రాజమల్లు తాత వచ్చిండు,
గడప కాన్నే నిలబడి మీదికి చూసిండు.
"మేల్కట్టు కట్టినవ్ రా.
ఉత్సవంల దేవునికి కడ్తరు,
పందిట్ల పిల్లాపిలగానికి కడ్తరు.
నీకెందుకురా?"
ఎండకు తాతా, అన్న.
నవ్విండు, దగ్గిండు, చాయ తాగి పోయిండు.

రాత్రి ముగ్గురం ఎల్లెలకల పన్నం.
రేకుల చిటపట సప్పుడు లేదు.
కాళ్ళ కింద తొక్కేటి రంగులు
మీద ఆగి మమ్ములనే చూస్తున్నయి.
ఆ మూలకు ఒక్క తాన
ఎర్ర పట్టీ తెగి,
రెండేళ్ళ మందం నల్లది జొరబడ్డది.
"ఆగో, అదే" అన్నది అనసూర్య.
"సీకేఎం దవఖాన నుంచి
మా తమ్ముడు ఉరికొచ్చి కేకేసినప్పుడు
పంజా యాడిదాడ పడేసి వచ్చినవట.
తెల్లారి మళ్ళ కూసొని
ఎర్రది అనుకొని నల్లది ఎక్కించినవ్.
సొసైటోళ్ళు ముప్పై రూపాయలు కోసిండ్రు.
యాది లేదా?"
లేదు. నిజంగనే లేదు.
పంజా బరువు యాదికున్నది,
కోసిన ముప్పై యాదికున్నయి.

రుచిత మోచేతి మీద లేచింది.
"అంటే అది నేనా?"
ఎవలం జవాబు చెప్పలే.
ఫ్యాను తిరిగినప్పుడల్ల
ఆ నల్లటి ముక్క జెర్రంత ఊగుతున్నది.

ఐదుకు ఐదు పైకి పోయినయి.
మా కింద ఉట్టి గచ్చు,
ఈపుకు సల్లగ తాకుతున్నది.
పొద్దున లేచి
పక్కింట్ల ఒక చాప అడగాలె.